ఒక మేని యుమ్మడి కాపురము

ఈ వ్యాసమును వ్రాయుచున్నది నేనని చెప్పవలయునో, మేమని చెప్పవలయునో మొదట తేల్చుకొనవలసియున్నది. కలము పట్టినది ఒక చేయి. ఆ చేతికి గాజులు తొడుగుకొన్నది ఒక యిల్లాలు. రేషను కార్డులోను, ఆధారు కార్డులోను, నేను పనిచేయు పాఠశాల హాజరుపట్టికలోను ఉన్నది ఒకటే పేరు. అయినను ఆ పేరు క్రింద కాపురము చేయుచున్నవారము నలుగురము. ఈ మాట విని చదువరులు నవ్వదలచినచో నవ్వవచ్చును. భయపడవలదని మాత్రము కోరుచున్నాను. మేము దయ్యములము కాము, దేవతలము కాము. ఒక మనస్సునకు నాలుగు ముఖములు కల్పించి కవిత్వము చెప్పుచున్నవారమును కాము.

ఈ విషయమున తెలుగుభాష మాకు రెండు మేళ్లు చేసినది. "మనము" అన్నచో వినువాడును అందులో చేరును; "మేము" అన్నచో చేరడు. ఇంగ్లీషున నీ రెంటికి నొకటే మాట. మాలో మేము "మనము" అనుకొందుము, ఇతరులతో "మేము" అందుము. ఈ భేదము మా బ్రదుకునకు కొలిచి కుట్టినట్లున్నది. రెండవ మేలు మఱింత గొప్పది. మాలో నొకరు పురుషుడు. "వచ్చితిని" అని ఆడది చెప్పినను, మగవాడు చెప్పినను తెలుగున నొకటే క్రియ. హిందీ మాటలాడు సీమలో పుట్టియుండినచో ఆయన నోరు తెఱచిన ప్రతిసారియు పట్టుబడెడివాడు, లేక ప్రతిసారియు అబద్ధమాడెడివాడు.

మా యిల్లు రాజమహేంద్రవరమున గోదావరిగట్టునకు దగ్గఱగా నున్న పాత పెంకుటిల్లు. వీధివైపున అరుగు కలదు. మా వ్యవహారమునకు ఆ యరుగే మాట నిచ్చినది. ఎవరు కన్నులు తెఱచి లోకమును చూచుచు, కాలు చేతులు ఆడించుచు, వచ్చినవారితో మాటలాడుచున్నారో వారు అరుగుమీద నున్నారందుము. తక్కినవారు లోపలి గదులలో నుందురు. వారికి వీధిలోని మాట ఒకప్పుడు స్పష్టముగా వినబడును. ఒకప్పుడు తలుపుచాటు మాటవలె నుండును. ఒకప్పుడు గడియ వేసినట్లు ఏమియు వినబడదు. ఈ మూడవదియే మా కష్టములలో పెక్కింటికి మూలము. అరుగుమీదికి వచ్చుట, లోపలికి పోవుట మా యిష్టమునుబట్టి మాత్రమే జరుగుననుకొనవలదు. అలసట వచ్చినను, ఒక వాసన తగిలినను, ఒక గొంతు వినబడినను కూర్చున్నవారు లేచిపోవుదురు, వేఱొకరు వచ్చి కూర్చుందురు. చూచువారికి నేను క్షణకాలము పరధ్యానముగా నున్నట్లు మాత్రమే కనబడును. సినిమాలలోవలె కనుగ్రుడ్లు త్రిప్పుట, గొంతు మార్చి కేకలు వేయుట లేదు.

నేను బడిలో సాంఘికశాస్త్రము బోధించుదానను. మాలో "పెద్దామె" యని పిలువబడునామె వంట, పండుగలు, చుట్టముల మర్యాదలు చూచును. మా బాల్యమంతయు ఆమెకు తెలియును, నాకు తెలియదు. "పద్దులాయన" జమాఖర్చులు చూచును, బేరమాడును, దబాయించువారికి బదులు చెప్పును. మా చిన్నతనమున మా పక్షమున గట్టిగా మాటలాడిన పెద్దవాడొక్కడును లేకపోయెను గనుక ఆయన పుట్టెనని నా యూహ. నాలుగవది "పిల్ల". దానికి ఏడేండ్లు. ఇరువదియేండ్ల క్రిందట ఏడేండ్లే, నేడును ఏడేండ్లే. ముక్కుపొడుము వాసన తగిలినచో అది వణకిపోవును.

2016కు ముందు వీరెవ్వరిని నేనెఱుగను. నాకు కాలము చినిగిన చీరవలె నుండెడిది. మధ్యాహ్నము రెండుగంటలకు ప్రశ్నపత్రములు దిద్దుచుందును. మరల తెలివి తెలియునప్పటికి సాయంకాలము ఆఱుగంటలు. పత్రములు దిద్ది కట్ట కట్టియుండును, పొయ్యిమీద పప్పు ఉడికియుండును. పెద్దామె పప్పులో ఉప్పు వేసి పోయినదని తెలియక నేనును వేయుదును. "ఇది పప్పా, సముద్రమా?" అని మా అత్తగారు కంచము త్రోసివైచిన దినములు కలవు. నేనెన్నడును మాటలాడి యెఱుగని కూరలామె "నిన్నటి బాకీ ఇరవై రూపాయలు" అని నిలదీయును. నేను లేదందును, ఆమె ఒట్టు పెట్టుకొనును. అబద్ధములాడునదని నాకు పేరు వచ్చినది. కొన్నాళ్లకు నాకును నేనట్టిదాననే యని తోచెను.

మా అత్తగారు మొదట తాయెత్తు కట్టించిరి. తరువాత నొక జాతరలో నాకు పూనకము వచ్చునేమో యని వేచి చూచిరి, రాలేదు. 2005లో "చంద్రముఖి", "అపరిచితుడు" అను రెండు చిత్రములు వచ్చినవి. వానితో ఇరుగుపొరుగువారికి పాండిత్యము అబ్బెను. నన్ను చూచి వీధిపిల్లలు "అపరిచితుడు" అని కేకలు వేసి పరుగెత్తెడివారు. లోపలివాడు తప్పక హంతకుడై యుండవలెనను సిద్ధాంతమును ఆ కథలు మన యిండ్లలో ఎంత లోతుగా నాటినవో మాబోటివారికి తెలియును. మా పద్దులాయన చేసిన మిక్కిలి క్రూరమైన పని ఒక గ్యాసు సిలిండరు కుఱ్ఱవానితో పదిరూపాయలకై అరగంట వాదులాడుట. ఆ నడుమ నొక వైద్యుడు దీనిని మూర్ఛయని తలచి ఏడేండ్లు మాత్రలు మ్రింగించెను. తుదకు విశాఖపట్టణమున నొక వైద్యురాలు మూడు నెలలపాటు ఓపికతో విని, "మీతో ఇంకెవరైనా ఉంటారా?" అని యడిగెను. నేను లేదంటిని. మఱుసటివారము ఆమె నాకొక కాగితము చూపెను. నా చేతివ్రాత కాని వ్రాతలో "ఉన్నాము" అని యొక మాట దానిపై నుండెను.

ఇది నేటి వింత కాదు. ఫ్రాన్సుదేశమున పియరు జానే యను పండితుడు ల్యోనీ యను స్త్రీని పరీక్షించి 1889లో ప్రకటించిన గ్రంథమున ఆమెలోని రెండవ స్థితిని వర్ణించెను. ఆ రెండవ యామె మొదటి యామె పేరుతో పిలిచిన పలుకక, తాను వేఱనియు, మొదటిది మందమతియనియు చెప్పెడిదట. అమెరికాలో ఆన్సెల్ బోర్న్ అను మతబోధకుడు 1887 జనవరిలో ఇల్లు విడిచి పోయి, వేఱొక పట్టణమున బ్రౌన్ అను పేరుతో చిన్న అంగడి పెట్టి ఆఱు వారములు నెమ్మదిగా వ్యాపారము చేసి, ఒక ఉదయమున మేల్కొని తానెక్కడ నున్నాడో తెలియక భీతిల్లెను. విలియం జేమ్సు ఆయనను నిద్రావస్థలో నుంచి ఆ రెండు జ్ఞాపకములను ఒకటిగా కలుపజూచెను గాని కలుపలేకపోయెను. అమెరికా మనోవైద్యులు 1980లో దీనికి బహువ్యక్తిత్వమని అర్థము వచ్చు పేరు పెట్టి తమ రోగపట్టికలో చేర్చిరి. 1994లో ఆ పేరు మాన్పి విడివడిన వ్యక్తిత్వమను భావము గల పేరు పెట్టిరి. లోపల పెక్కుమంది యున్నారనుటకంటె, ఒకటిగా కూడవలసినది కూడలేదనుట మేలని వారి తలంపు. 2022లో అమలునకు వచ్చిన ప్రపంచారోగ్యసంస్థ పట్టిక, ఒకటికంటె నెక్కువ వ్యక్తిత్వస్థితు లుండుట యెల్లప్పుడును రోగమే కానక్కఱలేదని యొప్పుకొనుచున్నది. మన దేశమున నిట్టి రోగులకంటె పూనకమని చెప్పబడువారే వైద్యులకు ఎక్కువగా కనబడుచున్నారని మన వైద్యులే 1989లో వ్రాసిరి.

దీనిని సంపూర్ణముగా నమ్మని పండితులును కలరు. అమెరికాలో 1973లో "సిబిల్" అను పుస్తకము వెలువడిన పిమ్మట ఇట్టి రోగులు హఠాత్తుగా పెరిగిరనియు, వైద్యుని ప్రశ్నయే రోగికి సమాధానము నేర్పుననియు వారి వాదము. వారి సందేహము నిరాధారము కాదు. నన్ను నేనే యిట్లు పలుమార్లు ప్రశ్నించుకొంటిని. కాని కూరలామె బాకీ ఏ వైద్యుడు నేర్పెను?

కారణమును గూర్చి ఒక్కమాట చెప్పక తప్పదు. చిన్నపిల్ల తప్పించుకొనలేని బాధను పెద్దలచేతనే మరల మరల పొందినపుడు, దాని మనస్సు ఒకటిగా కూడుట మాని గదులుగా కట్టుకొనునని వైద్యులలో పెక్కుమంది చెప్పుదురు. మాకు ఆ బాధ పరువు గల యింటిలో, పూజాగృహము ప్రక్క గదిలో కలిగినది. కలిగించినవాడు బంధువు, ఇప్పుడు లేడు. తెలిసిన పెద్దలు "ఎవరితోను అనకు" అనిరి. మేమా మాటను చెల్లించితిమి. ఎంత చక్కగా చెల్లించితిమన, మాలో ముగ్గురికి తెలియకుండ నొక్కతెయే దానిని దాచినది. ఆడుబిడ్డల చదువును గూర్చి, వివాహవయస్సును గూర్చి గంటలకొలది ప్రసంగించు యిండ్లలో గూడ ఈ విషయమునందు మాత్రము నాలుక కదలకుండుట నాకెప్పటికిని తెలియరాని విషయము.

ఇక మా కాపురమును గూర్చి. పెత్తనము పంచుకొనుటయనగా ఎవరి పని వారు చేసికొనుటయని నేను మొదట తలచితిని. బడి నాది, వంట పెద్దామెది, డబ్బు పద్దులాయనది, రంగుపెన్సిళ్లు పిల్లవి. రెండేండ్లు ఇట్లు సుఖముగానే జరిగినది. 2019 వేసవిలో నా మేనకోడలు, అనగా మా ఆడపడుచు కూతురు, నర్సింగు చదువదలచెను. వారి సంగతి అంతంతమాత్రము. మొదటియేటి ఫీజు నేను కట్టెదనని మాట యిచ్చితిని. ఆ పిల్ల ఆనందమునకు మేర లేదు. నాలుగు దినములకు మా ఆడపడుచు తిరిగి ఫోను చేసినపుడు అరుగుమీద నున్నది పద్దులాయన. ఇంటిబాకీ వాయిదా దగ్గఱపడినదని ఆయన ఎఱుగును. నేనిచ్చిన మాట ఎఱుగడు. "మా దగ్గర అంత డబ్బు లేదు. ఎవరు ఇస్తామన్నారో వాళ్లనే అడగండి" అని ఫోను పెట్టివేసెను. మా ఆడపడుచు దానిని పరిహాసముగా తలచి, మరల మమ్మడుగలేదు. పదునొకండు దినముల తరువాత ఈ సంగతి నా చెవిని పడునప్పటికి ప్రవేశమునకు గడువు తీరిపోయెను. ఆ పిల్లకు ఒక సంవత్సరము పోయినది.

నేను నా భర్తతో "అది నేను కాదు" అంటిని. ఆయన కోపపడలేదు. "నిజమే, నువ్వు కాదు. మరి ఆ పిల్ల వెళ్లి ఎవరిని అడగాలి?" అనిరి.

ఆ ప్రశ్నకు మా నలుగురిలో నెవ్వరియొద్దను జవాబు లేకపోయెను. "అది నేను కాదు" అనునది మాకు నిజమే. ఆ నిజమును మేము ఎంతో కష్టపడి సంపాదించుకొంటిమి. అంత కష్టపడి సంపాదించిన నిజము ఇంకొకరి యెదుట అబద్ధముకంటె హీనమైన సాకుగా మారునని నాకు నాడే తెలిసినది. ఉమ్మడి కుటుంబమున ఇంటి యవసరమునకై కర్త చేసిన అప్పు భాగస్థులందఱికి కట్టుబాటగునని మన ధర్మశాస్త్రములలో నున్నది. అప్పటి సంగతి తనకు తెలియదని తమ్ముడు తప్పించుకొనుటకు వీలు లేదు. మాకును అదియే న్యాయమని పద్దులాయనయే మొదట ఒప్పుకొనెను. ఆ శనివారము కాకినాడకు పోయి మా ఆడపడుచు నడవాలో కూర్చుండి క్షమాపణ చెప్పినది ఆయనయే; నేను లోపలినుండి వినుచుంటిని. మా స్థితి ఆడపడుచునకు ఎంతవఱకు అర్థమైనదో చెప్పజాలను. మేనకోడలు మఱుసటియేట చేరెను, నేడు ఉద్యోగము చేయుచున్నది. ఫీజు కట్టితిమి గాని, పోయిన యేడాదిని తిరిగి యీయలేకపోతిమి.

నాటినుండి మాకొక చిట్టా కలదు. దుకాణములలో నుండు ఎఱ్ఱ అట్టల పొడుగు పుస్తకమే. అరుగు విడుచుటకు ముందు, వీలుకానిచో తిరిగి వచ్చినంతనే, ఎవరితో ఏమి మాటలాడితిమో, ఏమి యిత్తుమంటిమో, ఏమి తింటిమో దానిలో వ్రాయవలెను. ఒకరిచ్చిన మాట నలుగురి బాకీ. మూడువందల రూపాయలకు మించిన ఖర్చునకు, ఊరు విడుచు ప్రయాణమునకు, ఒకరి యింటి గుట్టును ఇంకొకరికి చెప్పుటకు కనీసము ముగ్గురి సమ్మతి కావలెను. పిల్ల అరుగుమీద నుండగా వాహనము నడుపరాదు, ఫోను ఎత్తరాదు, పొయ్యి ముట్టింపరాదు. ఈ నిబంధనలను తలచి నాకు నవ్వు వచ్చుటయు కలదు. మన సంస్కర్తలు స్త్రీకి ఇంటిలో నోటుహక్కు కావలెననిరి; మా ఇంటిలో నొక్క స్త్రీకి నాలుగు వచ్చినవి. దస్కతు విషయము మాత్రము నవ్వుకొనదగినది కాదు. ఒక బ్యాంకువారు మా సంతకములు మూడు విధములుగా నున్నవని రెండుమారులు చెక్కు త్రిప్పి పంపిరి. ఇప్పుడు సంతకము చేయు పని పద్దులాయన యొక్కనిది. ఆయన అరుగుమీద లేని దినమున మా ఇంట ధనము కదలదు.

మా అత్తగారి మార్పును నేను చూడలేదు; చిట్టాలో చదివితిని. వైశాఖమున నొక రాత్రి పిడుగులు పడినవి. పిల్ల లేచి వంటయింటి మూల నక్కి యేడ్చుచుండగా అత్తగారు దీపము పట్టుకొని వచ్చిరట. చాలసేపు చూచి, "దెయ్యాన్ని చూసి మనం భయపడతాంగాని, దెయ్యం ఉరుముకు భయపడుతుందిటే?" అని తమలో తామే యనుకొని, మరమరాలు బెల్లము చేతిలో పెట్టి, తెల్లవాఱువఱకు ప్రక్కన కూర్చుండిరట. మఱునాడు తాయెత్తు ఎక్కడికి పోయినదో నేనడుగలేదు, వారు చెప్పలేదు. నాకంటె తర్కశాస్త్రము వారికి బాగుగ వచ్చునని నా నమ్మకము. నా కూతురు చిన్నప్పటినుండియు మా జడ అల్లికనుబట్టియే ఎవరున్నదియు కనిపెట్టును. అది పద్దులాయనను "మామయ్యా" అనును. నా భర్త డబ్బు కావలసినపుడు మాత్రము ఆయనను "బావగారూ" అని సంబోధింతురు.

వైద్యురాలు నలుగురమును క్రమముగా ఒకటగుటను గూర్చి 2021లో ప్రస్తావించెను. బలవంతము చేయలేదు. 2011లో వెలువడిన ఒక అంతర్జాతీయ వైద్యసంఘపు మార్గదర్శకములలో, ఒకటగుట మేలైన ఫలితమే యైనను, అది సాధ్యపడనివారును, కోరనివారును పెక్కురు కలరనియు, వారికి లోపలివా రందఱు సహకరించి బ్రదుకుటయే గమ్యము కావచ్చుననియు చెప్పబడినదని ఆమెయే మాకు తెలిపెను. నేను చిట్టాలో ప్రశ్న వ్రాసి పెట్టితిని. పద్దులాయన జవాబు: "నేను రోగమనుచున్నారా? అట్లయిన పదునొకండేండ్లుగా కరెంటుబిల్లు గడువులోపల కట్టుచున్న రోగమును." పిల్ల ఒక గూడు, నాలుగు పిట్టలు గీసెను, దాని యభిప్రాయమేమో తెలియదు. నేను ఒకటగుటకు ఒప్పుకొననని, మా హక్కును గూర్చి రెండు పుటలు వ్రాసితిని. అవి మంచి వాక్యములే.

మూడు దినములు గడచిన పిమ్మట పెద్దామె వ్రాసెను. ఆమె ఎన్నడును రెండు పంక్తులకు మించి వ్రాయదు. "ఒకటి కావలెనని నాకు లేదు. కాని నేనెఱిగినది నేనొక్కతెనే మోయుచున్నాను, నలువదియేండ్లయినది, అలసితిని."

నేనా పుటను మూసి వారము దినములు తెఱవలేదు. నేను వంట పంచుకొంటిని, డబ్బు పంచుకొంటిని, సంతకము గూడ ఇచ్చివేసితిని; ఇంత ఉదారముగా పెత్తనము పంచితినని నాలో నేను గర్వపడుచుంటిని. నా బడి, నా పాఠములు, నా నిద్ర, నా చక్కని వాక్యములు అన్నియు ఆమె మౌనముమీద కట్టినవని నాకు తోచనే లేదు. ఉమ్మడి కుటుంబములలో ఇల్లంతయు సుఖముగా నున్నదని చెప్పుకొనునపుడు, వంటయింట నొక విధవ మేనత్త తెల్లవాఱుజామున లేచి పనిచేయుచుండుట ఎవరికిని గుర్తురాదు. మేమును లోపల నట్టి కుటుంబమునే కట్టుకొంటిమి.

తరువాత నేను వ్రాసిన జవాబు చిన్నది. కొంచెము కొంచెముగా నాకిమ్మంటిని. ఇప్పుడు నెలకొకమారు, వైద్యురాలి యెదుట, పెద్దామె తనకు తెలిసిన దానిలో నొక పిసరు నాకు చెప్పును. చెప్పుట యనగా మాటలతో కాదు. అది నాకే జరిగినట్లు వచ్చును. ఆ రాత్రులలో నేను నిద్రపోను. మఱునాడు బడికి సెలవు పెట్టుదును, పద్దులాయన ఆ దినపు జీతము కోతను చిట్టాలో నమోదు చేయును. ఇది సాగి సాగి ఆమెకును నాకును నడుమ గోడ లేకుండ పోవచ్చునని వైద్యురాలు హెచ్చరించెను. అట్లు జరిగిన నేను పోయినదాననో, పెద్దామె పోయినదో, ఎవరును పోలేదో నేను చెప్పలేను. నాకు భయముగా నున్నది; అయినను వచ్చే నెలకు తేది తీసికొంటిమి. 2017నాటి మానసికారోగ్యచట్టము ప్రకారము తెలివిలో నున్నపుడే తనకు ఎట్టి చికిత్స కావలెనో, ఏది వలదో ముందుగా వ్రాసియుంచు హక్కు మైనరు కాని ప్రతి మనుజునకు కలదు. మేమును వ్రాసియుంచితిమి. చట్టమునకు మా తరపున ఒక సంతకము చాలును గనుక అది పద్దులాయన చేసెను. చిట్టాలోని ప్రతిపై మాత్రము నలుగురము వ్రేలు ముంచి ముద్ర వేసితిమి. నాలుగు ముద్రలును ఒకటే.

ఈ వ్యాసమును పంపుటకు ముగ్గురి సమ్మతి కావలసియుండెను. పద్దులాయన సంవత్సరములు సరిచూచి, తపాలా ఖర్చు వ్రాసికొని ఒప్పుకొనెను. పిల్లకు చదివి వినిపింపలేదు. పెద్దామె ఇదంతయు రాత్రి చదివినట్లున్నది; బంధువును గూర్చిన చోట నేను వ్రాసిన ఒక వాక్యమును కొట్టివేసి, తక్కినది ఉంచినది. చిట్టాలో ఈ ఉదయపు తేది క్రింద ఆమె వ్రాత ఇట్లున్నది: "పంపవచ్చును. చింతపండు నానవేసితిని, మరల వేయకుము."